తెలియదని ఒప్పుకున్న పండితుడు: ధన్యుడైన నీల్స్ స్టెన్సెన్

కొంతకాలం క్రితం మా విచారణలో ఒక పెద్దావిడకు ఉన్నట్టుండి కుడిపక్క తిమ్మిరెక్కింది. ఆసుపత్రిలో చేర్చి స్కానింగు తీయించి, కొద్ది రోజుల తరువాత ఇంటికి తీసుకువచ్చారు. మాట వస్తోంది. మనుషులను గుర్తుపడుతోంది. చెయ్యి కూడా కదులుతోంది. కాని కుడిచేతికి స్పర్శ లేదు. జపమాల ఆ చేతిలో పెడితే వేళ్ళు పట్టుకుంటున్నాయి గాని, పూస తగిలిన సంగతి ఆమెకు తెలియడం లేదు. కళ్ళతో చూసుకుంటేనే జపమాల చేతిలో ఉన్నట్టు తెలుస్తోంది.

నేను దివ్యసత్ప్రసాదం తీసుకొని వారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె కుమారుడు స్కాను ఫిల్ము తెచ్చి కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించాడు. మెదడు లోతట్టున, ఎడమవైపున, చిన్న మచ్చ. పెసరగింజంత ఉంటుందేమో. ఆ చోటును థాలమస్ అంటారని డాక్టరుగారు చెప్పారట. తరువాత అతడు నన్ను వరండాలోకి తీసుకువెళ్ళి మెల్లగా ఒక మాట అడిగాడు. ఇంత చిన్న చోటు దెబ్బ తింటేనే అమ్మ సగం ఒంటికి స్పర్శ పోయింది గదా, మరి ఆత్మ అని మనం చెప్పుకొనేది ఎక్కడ ఉన్నట్టు, అదీ ఈ మెదడులోనే ఏదో ఒక మూల ఉందా, మెదడుతోపాటే పోతుందా అని. అది వేళాకోళపు ప్రశ్న కాదు. తల్లిని చూసి బెంగపడి అడిగిన ప్రశ్న.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్నవాడినే అయినా నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక ఒక మహనీయుడు గుర్తుకు వచ్చారు. మూడు వందల అరవై ఏళ్ళ క్రితం సరిగ్గా ఈ ప్రశ్ననే చేతిలో కత్తి పట్టుకొని విచారించిన వైద్యుడు ఆయన. తరువాత గురువై, పీఠాధిపతియై, పేదవాడుగా మరణించారు. శ్రీసభ ఆయనను ధన్యుడని ప్రకటించింది. పేరు నీల్స్ స్టెన్సెన్. లాటిన్ భాషలో నికొలాస్ స్టెనో అంటారు.

నీల్స్ 1638 జనవరిలో డెన్మార్క్ దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌లో జన్మించారు. తండ్రి కంసాలి పనివాడు. భక్తిగల లూథరన్ కుటుంబం. మూడేళ్ళ వయసు నుండి ఆరేళ్ళ వరకు ఏదో జబ్బుతో బాలుడు ఇల్లు కదలలేదు. తోటి పిల్లలతో ఆటలు లేవు. పెద్దలు దైవసంగతులు మాట్లాడుకుంటుంటే వింటూ పెరిగాడు. ఆ తరువాత కొద్దికాలానికే తండ్రి చనిపోయాడు. చిన్నతనంలో ఆ లూథరన్ ఇంట పడిన దైవభక్తి విత్తనమే తరువాత చెట్టయింది. ఈ సంగతి మనం కృతజ్ఞతతో చెప్పుకోవాలి.

1656లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరారు. 1660లో హాలెండు వెళ్ళారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకనాడు గొర్రె తలకాయను ఒంటరిగా కోసి చూస్తుండగా, చెవి దగ్గరి గ్రంథి నుండి నోటిలోకి లాలాజలాన్ని తెచ్చే సన్నని గొట్టం కనిపించింది. అంతకు ముందు దానిని ఎవరూ అలా గుర్తించి చెప్పలేదు. నేటికీ వైద్య విద్యార్థులు దానిని స్టెన్సెన్ నాళం అనే చదువుకుంటున్నారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ళు. ఆ తరువాత లైడెన్ పట్టణంలో చదువుతూ, కన్నీళ్ళు మెదడు నుండి కారవని, కంటి దగ్గరి గ్రంథులలోనే తయారవుతాయని చూపించారు. గుండె కూడా ఒక కండరమే తప్ప వేరేమీ కాదని నిరూపించారు. ప్రాణానికి, ఉద్రేకాలకు, శరీరపు వేడిమికి గుండెయే పీఠమని పండితులు బల్లగుద్ది చెబుతున్న రోజులవి.

లైడెన్‌లో ఉన్నప్పుడే ఆయన జంతువుల మెదళ్ళను కోసి పరిశీలించడం మొదలుపెట్టారు. కదలిక ఎక్కడ మొదలవుతుంది? కన్ను, చెవి, చర్మం పంపే వార్త ఎక్కడికి చేరి ఆగుతుంది? ఈ రెండింటినే ఆయన వెదికారు. తత్వవేత్త స్పినోజా ఆ పరిశీలన చూడడానికి ప్రతిరోజూ తన దగ్గరకు వచ్చేవాడని ఆయన తరువాత ఒక పత్రంలో రాశారు. వరండాలో నన్ను అడిగిన ఆ కుమారుని ప్రశ్న, యూరపులోని మహా మేధావులు గొర్రె మెదడు ముందు నిలబడి వేసుకున్న ప్రశ్న ఒక్కటే.

ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్‌ది. ఆయన 1650లోనే మరణించాడు. కాని మనిషిని గురించి ఆయన రాసిన గ్రంథం 1662లో లాటిన్‌లోను, 1664లో ఫ్రెంచిలోను అచ్చయి, పండితులందరి చేతుల్లో ఉంది. డెకార్ట్ వాదం వినడానికి చక్కగా ఉంటుంది. మనకు రెండు కళ్ళున్నాయి, కాని ఒక్క వస్తువునే చూస్తాం. రెండు చెవులున్నాయి, కాని ఒక్క శబ్దాన్నే వింటాం. కాబట్టి రెండుగా వచ్చిన వార్తలు ఆత్మకు చేరేముందు ఎక్కడో ఒకచోట ఒకటి కావాలి. మెదడులో చాలా భాగాలు కుడి ఎడమలుగా జంటలుగానే ఉన్నాయి. నడిమధ్యన జంట లేకుండా ఉన్నది పీనియల్ గ్రంథి. అది బఠాణీ గింజకంటె చిన్నది. కనుక ఆత్మ తన పని నడిపించే పీఠం అదే అన్నాడు డెకార్ట్. తాడు ఒక కొస లాగితే రెండో కొసన గంట మోగినట్టు, చర్మానికి ఏదైనా తగలగానే నరంలోని దారం లాగబడి మెదడులో ఒక రంధ్రం తెరుచుకుంటుందని, అప్పుడు ఆ గ్రంథి ఇటూ అటూ ఒరుగుతుందని, దానివల్ల ఆత్మకు సంగతి తెలుస్తుందని ఆయన వర్ణించాడు.

ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే గొప్ప వైద్యుడు 1664లో మెదడు మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. మెదడు లోతున చారలు చారలుగా కనిపించే ఒక భాగం ఉంది. అన్ని ఇంద్రియాల వార్తలూ కలిసే చోటు అదే అన్నాడు విల్లిస్. ఊహకు ఇంకో చోటు, జ్ఞాపకానికి ఇంకో చోటు అని పంచిపెట్టాడు.

ఇలాంటి సమయంలో, 1665లో, స్టెన్సెన్ పారిస్ నగరంలో తెవెనో అనే పండితుని ఇంట ఒక ఉపన్యాసం ఇచ్చారు. వయసు 27 ఏళ్ళు. వినేవారందరూ పేరుపొందిన విద్వాంసులు. ఆ సభలో ఎవరైనా ఒక కొత్త సిద్ధాంతం చెప్పి చప్పట్లు కొట్టించుకోవాలనుకుంటారు. స్టెన్సెన్ లేచి, మెదడును గురించి నాకేమీ తెలియదని ముందుగానే ఒప్పుకున్నారు. తెలిసినట్టు చెబుతున్నవారి మాటలను ఒక్కొక్కటిగా తీసుకొని, కత్తికి కనిపించిన దానితో పోల్చి చూపించారు.

పీనియల్ గ్రంథి ఇటూ అటూ ఒరుగుతుందా? దాని మొదలు మెదడుకు గట్టిగా అంటుకొని ఉంది, అది కదలడానికి వీలు లేదు. డెకార్ట్ చెప్పినట్టుగా అది నిలబడి ఉందా? లేదు, దాని కొన వెనుకకు, చిన్నమెదడు వైపుకు తిరిగి ఉంది. చారల భాగంలో ఇంద్రియాలన్నీ కలుస్తాయని విల్లిస్‌కు ఎలా తెలిసింది? ఆయన చూసి చెప్పలేదు, ఊహించి చెప్పాడు. మేక తలకాయ ఇంటికి తెచ్చుకున్నవారికి మెదడు ఎంత మెత్తనో తెలుసు. జున్నులాంటి ఆ పదార్థాన్ని వేళ్ళతో ఎటు నొక్కితే అటు రూపం మారుతుంది. కోసేవాడు తాను వెదికే రూపాన్ని తన చేతులతోనే తయారుచేసి, అదిగో కనిపించిందని మోసపోతాడు. అప్పటి గ్రంథాలలోని బొమ్మలు కూడా ఈ కారణంగానే తప్పుల తడకలుగా ఉన్నాయని ఆయన చూపించారు.

అయితే ఆయన డెకార్ట్‌ను అవమానించలేదు. డెకార్ట్ ఊహించిన మనిషి వేరు, దేవుడు చేసిన మనిషి వేరు, ఆ తేడా డెకార్ట్‌కు తెలుసు, తెలియనిది ఆయన శిష్యులకే అని మర్యాదగా చెప్పారు. ఏం చేయాలో కూడా చెప్పారు. మెదడులోని తెల్లని పదార్థం మైనపు ముద్ద కాదు, సన్నని పోగుల అల్లిక. ఆ పోగులను పట్టుకొని ఒక్కొక్కటి ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో ఓపికగా వెంబడించాలి. యంత్రాన్ని విప్పినట్టు మెదడును భాగం భాగంగా విప్పి చూడాలి. ఒక్క మనిషి మెదడు చూస్తే చాలదు. జంతువులవి, పుట్టని శిశువులవి, రోగులవి కూడా చూసి పోల్చాలి. ఆ ఉపన్యాసం 1669లో పారిస్‌లో అచ్చయింది.

స్టెన్సెన్ చూపిన దారిలో వెళ్ళినవారికి ఏం దొరికింది? పోగులను వెంబడించడానికి మంచి సూక్ష్మదర్శినులు, రంగులద్దే పద్ధతులు రావాలి. దానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. 1865లో అదే పారిస్‌లో జూల్ లుయీస్ అనే వైద్యుడు, ఇంద్రియాల వార్తలు చేరే మజిలీ థాలమస్ అని రాశాడు. అది మెదడు నడిబొడ్డున కుడి ఎడమలుగా ఉండే జంట. లుయీస్ కొన్ని వివరాలలో పొరబడ్డాడు. కాని దారి దొరికింది.

నేడు మనకు తెలిసినది ఇది. మెదడుకు కార్టెక్స్ అనే ముడతల పైపొర ఉంది. దాని క్రింద, లోతున, పైకి కనిపించని ఎన్నో భాగాలు ఉన్నాయి. కన్ను చూసినది, చెవి విన్నది, నాలుక రుచి చూసినది, చర్మానికి తగిలినది, అన్నీ పైపొరకు చేరేముందు థాలమస్‌లో ఆగుతాయి. చూపుకు అక్కడ ఒక గది, వినికిడికి ఒక గది, స్పర్శకు ఒక గది. వాసన ఒక్కటే థాలమస్‌లో ఆగకుండా ముందుగానే పైపొరలోని తన చోటుకు చేరుతుంది. శరీరపు కుడిపక్క వార్తలు ఎడమ థాలమస్‌కు వస్తాయి. అందుకే ఎడమవైపు పెసరగింజంత మచ్చ పడితే మా పెద్దావిడ కుడిచేతికి జపమాల తెలియకుండా పోయింది.

ఇంకొక విశేషం. థాలమస్ కేవలం ఉత్తరాలు అందించే తపాలా ఆఫీసు కాదు. చూపు గదిలోకి కంటి నుండి వచ్చే సంబంధాలు మొత్తంలో దాదాపు పదోవంతో, అంతకంటె తక్కువో ఉంటాయి. మిగిలినవాటిలో చాలా భాగం పైపొర నుండి, మెదడులోని ఇతర భాగాల నుండి వెనుకకు వచ్చేవే. అంటే ఏ వార్తను గట్టిగా వినిపించాలి, దేనిని తగ్గించాలి అనే ఆజ్ఞలు పైనుండి క్రిందికి వస్తూనే ఉంటాయి. మనం నిద్రపోయేటప్పుడు ఈ ద్వారం చాలావరకు మూసుకుంటుంది. దాని వెనుక, కొంచెం క్రిందుగా, నాలుగు చిన్న గుబ్బలు ఉన్నాయి. పై రెండు కంటి వార్తను, క్రింది రెండు చెవి వార్తను అందుకుంటాయి. పూజలో గంట మోగగానే తల్లి ఒడిలోని పసివాడు అటు తల తిప్పుతాడు గదా. అది ఏమిటో తెలియకముందే తల తిప్పించడంలో ఆ గుబ్బలకు పాత్ర ఉంది.

మరి డెకార్ట్ చూపిన పీనియల్ గ్రంథి సంగతి? అది ఆ గుబ్బలలో పై రెండింటి మధ్యనే, రెండు థాలమస్‌ల వెనుకనే ఉంది. సరైన వీధికి వచ్చి పక్కింటి తలుపు తట్టినట్టయింది ఆయన పని. 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే వైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుండి మెలటోనిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. రాత్రి అయిందని శరీరానికి తెలియజేసే పదార్థం అది. కంటికి తగిలే వెలుతురు వార్త ఈ గ్రంథికి కూడా అందుతుంది. అయితే అది మెదడు అడుగుభాగానికి, అక్కడి నుండి వెన్నుపాముకు, మెడలోని ఒక నాడీ ముడికి తిరిగి, మళ్ళీ పైకి వస్తుంది. దేవుడు చేసిన దారి తత్వవేత్త ఊహించిన దారి కంటె ఎంతో చుట్టుతిరుగుడు. విల్లిస్ చెప్పిన చారల భాగం కూడా నిరుపయోగమైనది కాదు. కదలికలను, అలవాట్లను ఎంచి నడపడంలో దానికి పెద్ద పని ఉంది. అన్నిటికీ ఒకే సింహాసనం, అన్ని వార్తలూ వచ్చి ఆగిపోయే ఒకే గది మాత్రం ఎవరికీ కనిపించలేదు.

ఇక స్టెన్సెన్ జీవితానికి వద్దాం. పారిస్ సభలో బయటపడిన ఆ సంగతి ఆయన ఆత్మను కూడా కదిలించింది. గుండె, మెదడు వంటివి కత్తితో కోసి ఎవరైనా పరీక్షించగల వస్తువులు. వాటి విషయంలోనే ఇంత ధీమాగా పొరబడిన తత్వవేత్తలు, దేవుని గురించి, ఆత్మ గురించి అంతే ధీమాగా చెబితే ఎలా నమ్మడం? తరువాత లైబ్నిట్జ్ అనే మహా పండితునికి రాసిన ఉత్తరంలో, ఆ పరిశీలనల ద్వారానే దేవుడు తనను అటువంటి గర్వం నుండి విడిపించాడని ఆయన చెప్పుకున్నారు.

1666లో ఆయన ఇటలీలోని ఫ్లోరెన్సు చేరారు. అక్కడి ప్రభువు ఫెర్డినాండో ఆయనను ఆదరించాడు. ఆ ఏడాది లివోర్నో పట్టణంలో క్రీస్తు శరీరరక్తముల పండుగనాడు దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ చూశారు. ప్రజలు ఎంతో భక్తితో మోకరిస్తున్నారు. ఆయన మనసులో ఒక ప్రశ్న నాటుకుంది. అది వట్టి రొట్టె ముక్కయితే వీరంతా పిచ్చివారు కావాలి, లేదా అది నిజంగా క్రీస్తు శరీరమే కావాలి. రెండోది నిజమైతే నేనెందుకు మోకరించడం లేదు? పారిస్‌లో మెదడు ముందు చేసినట్టే ఇక్కడ కూడా చేశారు. తెలిసినట్టు నటించలేదు. పాత గ్రంథాలు చదివారు, పెద్దలను అడిగారు. ఫ్లోరెన్సులో ఒక మఠపు మందుల గదిలో పనిచేసే మరియ ఫ్లావియా అనే మఠకన్య, లవీనియా ఆర్నోల్ఫీని అనే గృహిణి ఆయన కోసం ప్రార్థించారు, ఆయనతో వాదించారు. 1667 నవంబరులో, సకల ఆత్మల పండుగనాడు, ఆయన కతోలిక విశ్వాసాన్ని స్వీకరించడానికి నిశ్చయించుకున్నారు.

అప్పుడు కూడా విజ్ఞానాన్ని విడిచిపెట్టలేదు. 1666లో లివోర్నో దగ్గర పట్టుబడిన పెద్ద సొరచేప తలను కోసినప్పుడు, కొండలలో దొరికే నాలుకవంటి రాళ్ళు పూర్వకాలపు సొరచేపల పళ్ళేనని గుర్తించారు. 1669లో అచ్చయిన గ్రంథంలో, భూమి పొరలలో క్రిందిది ముందు, పైది తరువాత ఏర్పడిందని చెప్పారు. అందుకే భూగర్భశాస్త్రజ్ఞులు ఆయనను తమ పితామహులలో ఒకరుగా లెక్కిస్తారు.

1675లో ఫ్లోరెన్సులో గురుపట్టం పొందారు. 1677లో రోములో పునీత గ్రెగోరియో బార్బరీగో చేతులమీదుగా పీఠాధిపతిగా అభిషిక్తులయ్యారు. ఉత్తర జర్మనీ, డెన్మార్క్ ప్రాంతాలలో చెదరి ఉన్న కతోలికుల బాధ్యత ఆయనకు అప్పగించారు. హనోవర్‌లో లైబ్నిట్జ్ ఆయనను చూసి, ఇంతటి శాస్త్రజ్ఞుడు పరిశోధన మానుకున్నాడే అని విచారించాడు. 1680 నుండి మ్యూన్‌స్టర్‌లో సహాయ పీఠాధిపతిగా ఉన్నారు. 1683లో అక్కడ కొత్త పీఠాధిపతి ఎన్నికలో ఓట్లు డబ్బుకు అమ్ముడుపోయాయి. చూసినదానిని చూడనట్టు నటించడం ఆయనకు పారిస్‌లోనూ చేతకాలేదు, ఇక్కడా చేతకాలేదు. నిరసన తెలిపి పట్టణం విడిచి వెళ్ళిపోయారు. హాంబర్గులో, చివరికి ష్వెరిన్‌లో, ఎంతో పేదరికంలో జీవించారు. పేదల కోసం తన ఉంగరాన్ని, మెడలోని శిలువను కూడా అమ్మివేశారు. 1686 డిసెంబరు 5వ తేదీన, 48వ ఏట, ష్వెరిన్‌లో ప్రభునియందు నిద్రించారు. ఆయన భౌతికకాయాన్ని ఫ్లోరెన్సుకు తరలించి సాన్ లొరెంజో దేవాలయంలో సమాధి చేశారు. 1988 అక్టోబరు 23న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యునిగా ప్రకటించారు.

ఇప్పుడు ఆ కుమారుని ప్రశ్నకు వస్తాను. ఆత్మ మెదడులో ఏ మూల ఉంది? మూల కోసం వెదకడమే పొరపాటని స్టెన్సెన్ జీవితం నాకు నేర్పింది. పునీత అక్వినాసు తోమాసు ఈ సంగతిని పదమూడవ శతాబ్దంలోనే బోధించాడు. ఆత్మ శరీరమంతటిలోను పూర్తిగా ఉంటుంది, ప్రతి భాగంలోను పూర్తిగా ఉంటుంది. అది శరీరానికి జీవమిచ్చే రూపం, ఒక గదిలో కూర్చున్న కాపలాదారు కాదు. అలాంటప్పుడు ఒక భాగం పాడైతే ఆత్మలో ఒక ముక్క పోదు. అది పనిచేసే దారి ఒకటి మూసుకుపోతుంది, అంతే. డెకార్ట్ ఆత్మను ఒక గ్రంథిలో కూర్చోబెట్టాడు. ఆ గ్రంథి కథ మారగానే, ఆత్మే లేదేమోనని బెదరవలసిన పరిస్థితి వచ్చింది. మనం విశ్వాసాన్ని అలాంటి పీట మీద కూర్చోబెట్టకూడదు.

అయితే ఒక మాట. స్పర్శ వార్త థాలమస్ దాటి పైపొరకు చేరితే, నాకు పూస తగిలింది అనే ఎరుక ఎలా కలుగుతుంది? దీనికి పూర్తి జవాబు నేటికీ ఏ వైద్యుని దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఇది తెలియదని చెప్పడం విశ్వాసానికి లోటు కాదు. మన పిల్లలు కాలేజీ నుండి వచ్చి ఇటువంటి ప్రశ్నలు అడిగినప్పుడు మనం కసురుకోనవసరం లేదు, కల్పించి చెప్పనవసరమూ లేదు. తెలిసినది చెబుదాం. తెలియనిది తెలియదని చెప్పి, వారితో కలిసి వెదుకుదాం. సత్యాన్ని వెదికేవాడిని దేవుడు ఎక్కడికి నడిపిస్తాడో ఈ ధన్యుని జీవితమే సాక్ష్యం.

మరుసటి నెల మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాదంతో వెళ్ళినప్పుడు ఈ సంగతులన్నీ ఆ కుమారునితో చెప్పాను. అతడు విని, ఊరుకున్నాడు. లోపల ఆ పెద్దావిడ జపమాలను ఎడమచేతికి మార్చుకొని, ఒక్కొక్క పూసా తడుముకుంటూ జపిస్తోంది.

ధన్యుడైన నీల్స్ స్టెన్సెన్ స్మరణ డిసెంబరు 5న, ఆగమన కాలంలో వస్తుంది. ఆ రోజున మన వైద్యుల కోసం, నర్సుల కోసం, వైద్య విద్యార్థుల కోసం, పక్షవాతంతో మంచాన ఉన్న మన పెద్దల కోసం ప్రతి కుటుంబం ఒక పదిపూసల జపం చెప్పుకోవలసిందిగా కోరుతున్నాను.